సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఏ వైద్యం చేయించాలి? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. పుట్టగానే ఏడవలేదు. పదహారు రోజులు పెట్టెలో ఉంచారు. ఏడాదిన్నర వయసులో సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అని తేల్చారు. అప్పటి నుంచి థెరపీ గదుల బయట బెంచీల మీద కూర్చుని నేను అడిగినవీ, తర్వాత కొత్తగా వచ్చిన తల్లులు నన్ను అడిగినవీ ఈ ప్రశ్నలు. నేను డాక్టరును కాను. మీ బిడ్డకు ఏది చేయించాలో చెప్పలేను. ఎవరైనా ఏదైనా చేయిద్దామన్నప్పుడు ఏమేమి అడిగి తెలుసుకోవాలో మాత్రం చెప్పగలను.

ఇది పూర్తిగా నయమవుతుందా?

కాదు. ఈ మాట నాకు సూటిగా చెప్పడానికి నాలుగేళ్లు ఎవరికీ నోరు రాలేదు. ఆ నాలుగేళ్లలో మేము తిరగని ఊరు లేదు.

పుట్టక ముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్ది కాలానికో ఎదుగుతున్న మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలికలు, శరీర భంగిమ అదుపు తప్పడమే సెరిబ్రల్ పాల్సీ. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. మెదడులోని ఆ నష్టం పెరగదు, తరగదు. కానీ బిడ్డ పెరుగుతాడు. ఎముక సాగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు. అందుకే మూడేళ్లప్పుడు నేలకు ఆనిన మడమ ఎనిమిదేళ్లకు ఆనకపోవచ్చు. వైద్యం పని చేసేది ఇక్కడే: బిగుతు తగ్గించడం, కీళ్లు పాడవకుండా చూడడం, నొప్పి తీర్చడం, తిండి, మాట, చదువు, తిరగడం సులువు చేయడం.

కాబట్టి "నయం చేస్తాం" అన్న బోర్డు కనిపిస్తే చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరగండి. మీ డబ్బు, సమయం సగం అక్కడే మిగులుతాయి.

అసలు ఇది సీపీయేనని ఎలా నమ్మాలి?

మంచి ప్రశ్న. కానీ అడిగేవాళ్లు తక్కువ. సీపీ అని రాసిన ఫైలు ఒకసారి తయారైతే తర్వాత ఎవరూ దాన్ని తిరగేయరు.

కొన్ని సందర్భాల్లో మళ్లీ చూడమని గట్టిగా అడగాలి. కాన్పు సాఫీగా జరిగి, నెలలు నిండి పుట్టి, కామెర్లు, ఫిట్స్ వంటివేవీ లేకుండానే బిడ్డ ఆలస్యంగా ఎదుగుతున్నప్పుడు. ఎంఆర్ఐ మామూలుగా ఉన్నప్పుడు. మేనరికం అయి, దగ్గరి బంధువుల్లో ఇలాంటి బిడ్డ మరొకరు ఉన్నప్పుడు. అన్నిటికన్నా ముఖ్యం, నేర్చుకున్నది పోతున్నప్పుడు: నిరుడు కూర్చున్న పాప ఈ ఏడు కూర్చోలేకపోతే అది సీపీ స్వభావం కాదు.

ఎందుకు చెబుతున్నానంటే, సీపీలా కనిపించే జబ్బుల్లో కొన్నింటికి మందు ఉంది. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కాళ్లు మెలికలు తిరిగే పిల్లల్లో కొందరికి డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా అనే జన్యుపరమైన సమస్య ఉంటుంది. తక్కువ మోతాదు లెవోడోపా అనే మందుతో వాళ్ల నడకే మారిపోతుంది. అరుదైనదే. అయినా ఒకసారి పిల్లల నరాల డాక్టరును "ఇది కాదని మీకెలా తెలుసు?" అని అడిగితే పోయేదేమీ లేదు.

మా వాడు నడుస్తాడా?

అందరి మొదటి ప్రశ్న ఇదే కాబట్టి జవాబుకు ఒక కొలత చెబుతాను. 1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సీపీ పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ అనే వర్గీకరణ ప్రచురించారు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. అందులో ఐదు స్థాయిలు. ఒకటో స్థాయి పిల్లలు ఆధారం లేకుండా నడుస్తారు, పరుగెత్తుతారు. రెండో స్థాయివాళ్లు నడుస్తారు గానీ మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. మూడో స్థాయికి చేతికర్రలో వాకరో కావాలి. నాలుగో స్థాయికి ఎక్కువగా చక్రాల కుర్చీ. ఐదో స్థాయివాళ్లకు తల నిలపడానికి కూడా సాయం ఉండాలి.

మీ బిడ్డ ఏ స్థాయో డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగి ఫైలు మీద రాయించుకోండి. రెండేళ్లు దాటాక ఇది చాలావరకు నిలకడగా ఉంటుంది. వందలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2002లో ప్రచురించిన ఎదుగుదల రేఖల ప్రకారం, నిలబడడం, నడవడం వంటి పెద్ద కదలికల్లో పిల్లలు చేరగలిగినదానిలో దాదాపు 90 శాతం ఐదేళ్లలోపే చేరుకుంటారు. స్థాయి తీవ్రమయ్యేకొద్దీ ఇంకా ముందే.

ఇది విని నేను ఒక రాత్రంతా ఏడ్చాను. తర్వాత మెల్లగా అర్థమైంది: ఆ రేఖ కాళ్లది. చదువుకు, మాటకు, స్నేహాలకు, చక్రాల కుర్చీ తానే నడుపుకోవడానికి అలాంటి గీత ఎవరూ గీయలేదు. పైగా స్థాయి తెలిస్తే మోసపోవడం కష్టం. నాలుగో స్థాయి బిడ్డను ఆరు నెలల్లో పరుగెత్తిస్తామన్నవాడి మాట విలువ అప్పుడు తెలుస్తుంది.

ఒక వైద్యం సూచించారు. ఒప్పుకునే ముందు ఏమి అడగాలి?

మొదటి ప్రశ్న డాక్టరును కాదు, మిమ్మల్ని మీరు అడగాలి: దీనితో మా బిడ్డ ఏ పని చేయగలగాలని మేము కోరుకుంటున్నాం? "బాగుపడాలి" అనేది జవాబు కాదు. "తన చేత్తో గ్లాసు పట్టుకుని తాగాలి", "బడి బెంచీ మీద పడిపోకుండా గంటసేపు కూర్చోవాలి", "రాత్రి కాళ్ల నొప్పితో లేవకుండా పడుకోవాలి" ఇలా ఉండాలి. కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లండి.

ఇక డాక్టరును అడగవలసినవి. మా పని ఈ వైద్యంతో అవుతుందా, ఎంతవరకు? మా వాడి స్థాయిలో ఉన్న పిల్లలకు మీరు ఇంతకుముందు చేశారా, వాళ్లకు ఏమైంది? ఎన్నాళ్లలో తెలుస్తుంది, దేనితో కొలుస్తారు? అప్పటికి మార్పు లేకపోతే ఆపేస్తామా? నష్టాలేమిటి, సాధారణంగా వచ్చేవి వేరుగా, అరుదైనా ప్రమాదకరమైనవి వేరుగా చెప్పండి. ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? అసలు చేయించకపోతే? మొత్తం ఖర్చెంత, తర్వాతి స్ప్లింట్లు (కాళ్లు చేతులు సరైన తీరులో నిలిపే పట్టీలు), ఫిజియోథెరపీ, రాకపోకలు కలిపి?

"ఆగితే ఏమవుతుంది" అన్నదాన్ని వదలకండి. కొన్నిటిలో నిజంగానే తొందర ఉంటుంది: ఆగని ఫిట్స్, గూడు నుంచి జారుతున్న తుంటి, ఊపిరితిత్తుల్లోకి పోతున్న పాలు. మిగతా చాలావాటిలో వారం ఆలోచించుకునే వెసులుబాటు ఉంటుంది. "ఈరోజే అడ్వాన్సు కడితే తగ్గింపు" అన్నారంటే అక్కడున్నది మీ తొందర కాదు, వాళ్లది.

ఇన్ని అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయం. కొందరికి వస్తుంది కూడా. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వైద్యం ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలేమున్నాయి, ప్రమాదాలేమిటి, చేయించకపోతే ఏమవుతుంది అన్నవి తగినంతగా చెప్పాకే సమ్మతి తీసుకోవాలి. సంతకం పెట్టించుకుంటే సరిపోదు. కాబట్టి మీరు అడిగేది దయ కాదు. కోర్టు పేరు చెప్పి బెదిరించనక్కర్లేదు లెండి. "మాకు అర్థం కాలేదు, మళ్లీ ఒకసారి చెప్పండి సార్" అంటే చాలు.

రోజుకు నాలుగు గంటల ఫిజియోథెరపీ చేయిస్తే నాలుగింతలు ఫలితం ఉంటుందా?

ఉండదు. ఎన్ని గంటలన్నదానికన్నా ఆ గంటలో ఎవరు కదులుతున్నారన్నది చూడాలి. బిడ్డ పడుకుని ఉంటే థెరపిస్టు కాళ్లు చేతులు వంచి చాచడం మనకు అలవాటైన దృశ్యం. అది మాత్రమే చేస్తే పెద్దగా ఫలితం లేదని ఇప్పుడు తెలుసు. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం 2013లో, మళ్లీ 2020లో సీపీ వైద్యాలన్నిటి రుజువులనూ జల్లెడ పట్టి, రోడ్డు కూడలిలోని దీపాల్లా ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు రంగులు వేసింది. ఆకుపచ్చలో ఉన్నవి దాదాపు అన్నీ బిడ్డ తానే చేసేవి: ఒక పని లక్ష్యంగా పెట్టుకుని దాన్నే పదే పదే చేయించడం, ఒక వైపు చచ్చుబడినవాళ్లకు బాగున్న చేతిని కొంతసేపు కట్టి రెండో చేత్తో పని చేయించడం, రెండు చేతులూ కలిపి వాడించడం, ఇంట్లో చేయడానికి రాసిచ్చే కార్యక్రమం.

చివరిది మా బోటి వాళ్లకు వరం. మందస నుంచి విశాఖకో, ఉట్నూరు నుంచి హైదరాబాదుకో ముప్పావు గంట థెరపీ కోసం బస్సులో రోజంతా వాడిని ఒళ్లో పెట్టుకుని తిరగనక్కర్లేదు. నెలకొకసారి వెళ్లి, చేయవలసినవి ఫోనులో వీడియో తీసుకుని, ఇంట్లో అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు చేయించవచ్చు. గ్లాసు పట్టడం నేర్పాలంటే గ్లాసే కావాలి, రంగు బంతులు కాదు.

బోటాక్స్ సూదులు మంచివేనా?

బిగుసుకున్న ఫలానా కండరాన్ని సడలించడానికి పనికొస్తాయి, దీనికి గట్టి రుజువులున్నాయి. కానీ ప్రభావం సుమారు మూడు నాలుగు నెలలే. ఆ మూడు నెలల్లో సిమెంటు కట్లు, స్ప్లింట్లు, సాధన ఏమేమి చేస్తారో ముందే నిర్ణయించుకుని ఉండాలి. సూది వేయించి ఇంటికి వచ్చేస్తే డబ్బు కరిగిపోయినట్టే. మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, మందు పాకి మింగడం, శ్వాస ఇంకా కష్టమయ్యే ప్రమాదం అరుదుగా ఉంది.

ఒంట్లో బిగుతు అంతటా ఉంటే బాక్లోఫెన్ వంటి మాత్రలు ఇస్తారు. అయిపోయాయని ఒక్కసారిగా ఆపకండి, ప్రమాదం. పండగ సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు సీసా చూసుకోండి.

"నరం కోసి" మడమ దింపే ఆపరేషన్ చేయించాలా?

మన వాడుకలో నరం అంటున్నది నిజానికి మడమ వెనుక స్నాయువు. దాన్ని పొడిగిస్తారు. తొందరగా అయిపోతుంది, మడమ వెంటనే కిందికి దిగుతుంది, అందరూ సంతోషిస్తారు. చిక్కు తర్వాత వస్తుంది. రెండు కాళ్లూ బిగుసుకున్న పిల్లల్లో తొడ, మోకాలు, మడమ మూడూ ఒక గొలుసు. చిన్న వయసులో మడమ ఒక్కటే పొడిగిస్తే కొందరు కొన్నేళ్లకు మోకాళ్లు వంగి, కుంగిపోతూ నడుస్తారు. మునివేళ్ల నడక కంటే దాన్ని సరిచేయడం కష్టం.

అందుకే ఇప్పుడు చాలామంది సర్జన్లు నడక స్థిరపడేదాకా ఆగి, కావలసినవన్నీ ఒకే విడతలో చేస్తారు. తర్వాత ఏడాదిపాటు సాధన ఉంటుంది, అది చేయించే ఓపిక, మనిషి ఇంట్లో ఉన్నారా అన్నది ఆపరేషనుకు ముందే చూసుకోవాలి. వెన్నులో కొన్ని నరపు పోగులు కత్తిరించే ఎస్‌డీఆర్ అనే శస్త్రచికిత్స కూడా ఉంది. అది మాత్రం నిజంగానే నరాలది, తిరిగి అతికించలేనిది. జాగ్రత్తగా ఎంచిన కొద్దిమంది పిల్లలకే. మెలికలు తిరిగే రకం సీపీకి పనికిరాదు.

నొప్పి ఏమీ లేదు కదా, తుంటి ఎక్స్‌రే ఎందుకు?

నొప్పి వచ్చేసరికి ఆలస్యమవుతుంది గనుక. సీపీ పిల్లల్లో సుమారు మూడింట ఒకరికి తుంటి కీలు గూడు నుంచి పక్కకు జరుగుతుంది. ఒకటో స్థాయిలో ఇది చాలా అరుదు, ఐదో స్థాయిలో పది మందిలో తొమ్మిది మంది దాకా. కూర్చున్నా పడుకున్నా తెలియదు. తుంటి బంతి గూడు బయటికి ఎంత జరిగిందో ఎక్స్‌రేలో శాతం లెక్కగా కొలుస్తారు. 30 శాతం దాటితే పిల్లల ఎముకల డాక్టరు చూడాలి.

ఇన్ని వైద్యాల గురించి ఇంత ఆరాటపడతాం గానీ, నిక్కచ్చిగా రుజువై, చవకగా దొరికే ఈ ఒక్కదాన్ని అడిగేవాళ్లు నాకు పట్టుమని పది మంది కనబడలేదు. మావాడికి ఐదేళ్లు వచ్చేదాకా నాకూ ఎవరూ చెప్పలేదు.

మూల కణాల చికిత్స చేయిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందట కదా?

ఈ "అట" మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. నిజానికి పరిశోధన జరుగుతోంది. బొడ్డుతాడు రక్తంతో చేసిన కొన్ని ప్రయోగాల్లో ఆశ కలిగించే ఫలితాలూ వచ్చాయి. కానీ ప్రయోగం వేరు, ప్యాకేజీ వేరు.

మన దేశంలో దీనికి నియమాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదించిన కొన్నిటికి తప్ప మూల కణాల వాడకం ప్రయోగ దశలోనే ఉంది. ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్ బయట ఎవరికి ఎక్కించినా అది అనైతికం, వైద్య దుష్ప్రవర్తన. సీపీ ఆ ఆమోదిత జాబితాలో లేదు. ట్రయల్ అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు సంఖ్య ఉంటుంది. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ఆ సంఖ్య అడగండి, ఇంటర్నెట్‌లో మీరే చూసుకోవచ్చు. రెండో గుర్తు ఇంకా సులువు: పరిశోధన కోసం చేసేదానికి రోగి చేత డబ్బు కట్టించకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు.

ఆక్సిజన్ ఛాంబర్‌లో కూర్చోబెడితే మార్పు వచ్చిందని పక్కింటివాళ్లే చెప్పారు. అబద్ధమా?

అబద్ధం కాదు. మార్పు వచ్చే ఉంటుంది. దేనివల్ల వచ్చిందన్నదే పేచీ.

కెనడాలోని క్యూబెక్‌లో ఇదే ప్రశ్నతో 111 మంది సీపీ పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అధిక పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్. రెండో జట్టుకు కొద్దిపాటి పీడనంతో మామూలు గాలి. ఏ బిడ్డ ఏ జట్టో తల్లిదండ్రులకు చెప్పలేదు. నలభై సార్లు కూర్చోబెట్టాక చూస్తే పిల్లలు మెరుగుపడ్డారు, రెండు జట్లూ సమానంగా! 2001లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. కొద్దిపాటి పీడనం కూడా వైద్యమేనని వాదించినవారు లేకపోలేదు. కానీ తేలికగా అర్థమయ్యే కారణం ఒకటుంది: రెండు నెలలపాటు అమ్మానాన్నలు అన్ని పనులూ మాని బిడ్డతో గడిపారు, ఆశతో ఆడించారు, మాట్లాడించారు. ఆ రెండు నెలల్లో బిడ్డ సహజంగానూ పెరిగాడు. ఇక చెవుల్లో పీడనం వల్ల వచ్చే ఇబ్బందులు పిల్లలకు అదనంగా మిగిలాయి.

ఎవరైనా "మా దగ్గర వంద మంది బాగుపడ్డారు" అంటే ఈ కథ గుర్తు తెచ్చుకుని, "చేయించనివాళ్లతో పోల్చి చూశారా?" అని అడగండి. బిడ్డ తలను, కాళ్లు చేతులను నలుగురు పట్టుకుని పాకుతున్నట్టు గంటల తరబడి కదిలించే "ప్యాటర్నింగ్" పద్ధతికీ ఇదే ప్రశ్న. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1982లో, తిరిగి 1999లో దానికి రుజువు లేదని ప్రకటించింది. కుటుంబాలను అరగదీస్తుందని కూడా హెచ్చరించింది.

నూనె మర్దన, వస, పసరు మందులు?

మర్దన చేయండి. హాయిగా ఉంటుంది, ఇద్దరికీ. బలవంతంగా కీళ్లు విరగదీయకుండా, ముక్కులో నూనె చుక్కలు వేయకుండా చేయండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే వసపిట్టలా మాట్లాడతాడని మా అత్తగారు పట్టుబట్టారు. తాగేటప్పుడే పొలమారే బిడ్డకు నోట్లో ఏది పోసినా ప్రమాదమని మింగడం పరీక్షించిన థెరపిస్టు ఆవిడకే నేరుగా చెప్పారు. నేను చెబితే వినేవారు కాదు. లేబుల్ లేని పొడులు, భస్మాలు ఇవ్వకండి, అలాంటివాటిలో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి. వాతలు పెట్టించడం వైద్యం కాదు, బిడ్డను కాల్చడం. ఎవరు ఏ మందు ఇచ్చినా ఒకటి మాత్రం రాజీ లేదు: ఫిట్స్ మాత్రలు ఆపమన్నవాడి గడప రెండోసారి తొక్కకండి.

బొమ్మల అట్ట చూపి మాట్లాడడం అలవాటు చేస్తే ఇక నోటి మాటలు రావట కదా?

తప్పు. బొమ్మలు, సైగలు, ఫోనులో మాట పలికే యాప్‌లు నోటి మాటను ఆపవు. కొందరికి తోడ్పడతాయి కూడా. సీపీ ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరు నోటితో మాట్లాడలేరు. నలుగురిలో ముగ్గురికి నొప్పి ఉంటుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి: నొప్పి ఎక్కడో చెప్పలేని పిల్లలు ఎంతమందో!

థెరపిస్టు అర్హత ఉన్నవాడో కాదో ఎలా తెలుస్తుంది?

డాక్టరుకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నమోదు సంఖ్య ఉంటుంది. స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టు, స్ప్లింట్లు చేసే నిపుణులు భారత పునరావాస మండలి దగ్గర నమోదై ఉండాలి. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కిందికి రారు. వాళ్ల కోసం 2021లో వేరే జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఏ కాలేజీలో ఏ డిగ్రీ చదివారో అడగడంలో మొహమాటం వద్దు. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి గోడ నిండా ఫ్రేములు కట్టించినవారిని చూశాను.

వేరే డాక్టరు అభిప్రాయం తీసుకుంటే మొదటాయన నొచ్చుకోరా?

నొచ్చుకున్నా ఫర్వాలేదు. రిపోర్టులు దాచకుండా ఇద్దరికీ ఒకే కాగితం, ఒకే ప్రశ్న చూపండి. ఇద్దరూ దేని దగ్గర ఏకీభవిస్తున్నారో ముందు పట్టుకోండి. ఆసుపత్రి రికార్డులు ఇవ్వమని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. ఎంఆర్ఐ సీడీ, డిశ్చార్జి కాగితాలు, పుట్టినప్పటి రికార్డు ఇంట్లో ఒకే సంచిలో ఉంచండి.

పొలం అమ్మి అయినా చేయిద్దామనుకుంటున్నాం. తప్పా?

తప్పొప్పులు చెప్పే అర్హత నాకు లేదు, మేమూ నగలు అమ్మినవాళ్లమే. ఒక లెక్క మాత్రం వేసి చూడండి. ఆ డబ్బుతో ఏమేమి వస్తాయో ఒక పక్క రాయండి: ఒంటికి సరిపోయేలా కుదిర్చిన చక్రాల కుర్చీ, ఏటా మార్చాల్సిన స్ప్లింట్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, చంకనెత్తుకోలేని వయసులో బాత్రూములోకి కుర్చీ పట్టేలా తలుపు వెడల్పు. బిడ్డకు ఇరవై ఏళ్లొచ్చేదాకా ఈ ఖర్చు ఉంటుంది. ఆ తర్వాత కూడా. రెండో పక్క మీకు చూపించిన వైద్యం, దానికున్న రుజువు రాయండి. పొలం ఒక్కసారే అమ్మగలం కదా.

ప్రభుత్వం నుంచి ఏమి దొరుకుతుంది?

జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో ఉచిత పరీక్షలు, థెరపీ ఉంటాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వీటిని పెట్టారు. అంగన్‌వాడీ టీచరో ఆశా కార్యకర్తో దారి చూపగలరు. బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మేధో వైకల్యం కూడా ఉన్న పిల్లలకు మంచి చోటు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు చేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా సీపీ ఉన్నవారికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. ఇవన్నీ ఒకే వారంలో అయిపోతాయని ఆశ పెట్టుకోవద్దు. జిరాక్సులు పది సెట్లు తీయించండి.

కొన్నాళ్లు అన్నీ ఆపేయాలనిపిస్తోంది.

ఫిట్స్ మందులు, బాక్లోఫెన్ వంటి బిగుతు మాత్రలు, తుంటి పరీక్ష తప్ప మిగతావి నెలో రెండు నెలలో ఆపినా కొంప మునగదు. మీ థెరపిస్టుకు చెప్పి ఆపండి. మేము ఒక సంక్రాంతికి ఆపి ఉగాదికి మొదలుపెట్టాం. ఆ మధ్యలోనే వాడు ఈల వేయడం నేర్చుకున్నాడు.

ఇవన్నీ పెద్దవాళ్లు చూసుకునేవి. పిల్లవాడిని అడగాలా?

పద్దెనిమిది నిండేదాకా సంతకం మనదే. పరిశోధనల్లో అయితే ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలని మన దేశ నియమమే. మామూలు వైద్యంలోనూ అడగవచ్చు. మాట రాకపోతే బొమ్మలతో, కళ్లతో, "అవును, కాదు" సైగలతో.

మావాడికి పదకొండో ఏట కాళ్ల ఆపరేషన్ అనుకున్నప్పుడు సర్జన్ గారు వేసవి సెలవుల్లో తేదీ ఇచ్చారు. ఆయన నాతో మాట్లాడుతుంటే వీడు మధ్యలో అడ్డుపడి "కట్లు ఎన్ని రోజులు?" అన్నాడు. ఆరు వారాలన్నారు. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, "ఎండల్లో కట్టు లోపల దురద పెడుతుంది. పైగా సెలవులన్నీ పోతాయి. బడి ఉన్నప్పుడు చేస్తే బడి పోతుంది కదా, నవంబరులో పెట్టండి" అన్నాడు. ఆలస్యం వల్ల నష్టముందా అని నేను అడిగాను. లేదన్నారు. నవంబరులోనే చేయించుకున్నాడు.